శంషాబాద్‌లో దిగాం సరే, ఊళ్లోకి ఎలా?

రాత్రి పదకొండు దాటేసరికి హైదరాబాద్‌లో మెట్రో స్టేషన్ల షట్టర్లు దిగిపోతాయి, సిటీ బస్సులు డిపోల దారి పడతాయి. శంషాబాద్ విమానాశ్రయంలో మాత్రం అసలు రద్దీ అప్పుడే మొదలవుతుంది. దుబాయ్, దోహా, అబుదాబిల నుంచి వచ్చేవీ, ఐరోపా మీదుగా అమెరికా ప్రయాణికులను మోసుకొచ్చేవీ చాలావరకు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్యే దిగుతాయి. బయట కారు అద్దం దించుకుని నిద్రకళ్లతో ఎదురుచూసే బంధువులందరూ వేసే ప్రశ్న ఒకటే: ఈ విమానాలకు పగలు దొరకదా?

దొరకదు. ఆ లెక్క మన చేతిలో లేదు. ఐరోపాలో పెద్ద విమానాశ్రయాలకు రాత్రి ఆంక్షలుంటాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011 నుంచి రాత్రి 11కూ ఉదయం 5కూ మధ్య విమానాలు ఎగరడం, దిగడం నిషేధం. కాబట్టి అక్కడ మధ్యాహ్నం బయలుదేరిన విమానం మనకు అర్ధరాత్రి చేరుతుంది. జనాన్ని దింపి, ఎక్కించుకుని, తెల్లవారకముందే తిరిగి లేస్తే అక్కడ పొద్దున్నే దిగి, అమెరికా వెళ్లే విమానాలకు ప్రయాణికులను అందించగలుగుతుంది. గల్ఫ్ సంస్థలదీ దాదాపు ఇదే పద్ధతి. వాటి విమానాలన్నీ గుంపుగా దుబాయ్, దోహా చేరి, ప్రయాణికులను మార్చుకుని, మళ్లీ గుంపుగా లేస్తాయి. ఆ కూడలికి సరిపడేట్టు మన గడియారం నలుగుతుంది. ఇక దేశీయ విమానాల కథ వేరు. ఒకే విమానం రోజంతా ఊరూరూ తిరుగుతుంది. పొద్దున ఢిల్లీ పొగమంచులో పోయిన గంట, మధ్యాహ్నం మరో ఊళ్లో పోయిన అరగంట కలిసి ఆ రోజు చివరి ట్రిప్పు మీద పడతాయి. టికెట్టు మీద పదిన్నర అని ఉన్న విమానం పన్నెండున్నరకు దిగడం వెనుక కారణం ఇదే.

ఎదురువచ్చే మనుషులున్న వాళ్ల గురించి కాదు ఈ వ్యాసం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లిన వాళ్ల కోసం ఊరి నుంచే బండి మాట్లాడుకుని వచ్చేస్తారు. అమెరికా నుంచి వచ్చే కొడుక్కి తండ్రి ఉండనే ఉంటాడు. ఎవరూ ఎదురురాని మనిషి సంగతి ఏమిటన్నదే ప్రశ్న. మర్నాడు ఇంటర్వ్యూ ఉన్న అమ్మాయి, నిమ్స్‌లోనో మరో ఆసుపత్రిలోనో చూపించుకోవడానికి పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దాయన, కంపెనీ పని మీద వచ్చిన ఉద్యోగి, పెళ్లికి వచ్చి బంధువులను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక హోటల్లో గది తీసుకున్న కుటుంబం. వీళ్లు రాత్రి ఒంటిగంటకు సూట్‌కేసు లాక్కుంటూ బయటికి వచ్చి, ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉన్న గది తలుపు ఎలా తడతారు?

ఈ ప్రశ్న 2008కి ముందు లేదు. బేగంపేట విమానాశ్రయం ఊరి నడిబొడ్డున ఉండేది. గేటు దాటితే ఆటో, కాస్త నడిస్తే రైల్వే స్టేషను, అమీర్‌పేట లాడ్జీలు కూతవేటు దూరంలో. 2008 మార్చి 23న శంషాబాద్ నుంచి విమానాలు మొదలవడంతో బేగంపేటలో పౌర విమానాలు ఆగిపోయాయి. కొత్త విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల పరిధిలో పోటీ విమానాశ్రయం ఉండకూడదన్నది ఒప్పందంలోని షరతు. ఊరికి దూరం పెరిగిందని అప్పట్లో గగ్గోలు లేచింది. దానికి ప్రభుత్వం చెప్పిన జవాబు రోడ్లు. 2008 నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగు రోడ్డు మొదటి ముక్క తెరిచారు. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. పాతబస్తీ వైపు వెళ్లేవారికి 2025 జనవరిలో ఆరాంఘర్–జూపార్కు ఫ్లైఓవర్ కూడా జత కలిసింది.

రోడ్లు మంచివే, కాదనను. రాత్రి ఒంటిగంటకు శంషాబాద్ నుంచి గచ్చిబౌలికి ఔటర్ మీద అరగంట కూడా పట్టదు. పగలు ఊళ్లో ఆ సమయంలో రెండు సిగ్నళ్లు దాటలేం. కానీ ఈ రోడ్లన్నిటికీ ఒక లక్షణం ఉంది. అవి కారు ఉన్నవాడి కోసం కట్టినవి. ఔటర్ మీదికి, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి ద్విచక్ర వాహనాలకూ ఆటోలకూ అనుమతి లేదు. భద్రత దృష్ట్యా అది సరైన నిర్ణయమే. అయితే దాని ఫలితంగా ఈ విమానాశ్రయానికి ఆటో అనే చౌక బండి ఆచరణలో లేకుండా పోయింది. బేగంపేటలో సామాన్యుడికి ఉన్న మొదటి దారి శంషాబాద్‌లో మూసుకుపోయింది. దాని బదులు ఏం ఇవ్వాలన్న ఆలోచన పదిహేడేళ్లకు పైగా నడుస్తూనే ఉంది.

రైలు సంగతి చూద్దాం. ఎంఎంటీఎస్ రెండో దశలో ఫలక్‌నుమా నుంచి పొడిగించిన లైను 2023 ఏప్రిల్‌లో మొదలైంది. అది ఉందానగర్ దాకా వచ్చి ఆగింది. విమానాశ్రయం అక్కడికి ఇంకా కొన్ని కిలోమీటర్ల దూరం. పగలైతే ఏదో బండి పట్టుకుని వెళ్లొచ్చు. రాత్రి ఆ రైళ్లే ఉండవు కనుక మన చర్చలోకి ఉందానగర్ రాదు.

మెట్రో కథ ఇంకా పొడుగు. 2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు శంకుస్థాపన చేశారు. అంచనా 6,250 కోట్లు. దాదాపు ఏడాదికి ప్రభుత్వం మారింది. ఔటర్ పక్కన, జనం పలచగా ఉన్నచోట మెట్రో ఎందుకని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ దారిని పక్కనపెట్టారు. నాగోలు నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి మీదుగా 36.8 కిలోమీటర్ల కొత్త మార్గం గీశారు. మొత్తం రెండో దశలో ఐదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల అంచనాతో ప్రణాళిక 2024 నవంబరులో కేంద్రానికి వెళ్లింది. రెండు మార్గాల్లో ఏది మేలన్న వాదనలో నాకు రెండో దానివైపే మొగ్గు. సామాన్యులు ఉండే చోటు నుంచి వెళ్తుంది కాబట్టి. కానీ ఈ వ్యాసానికి ఆ వాదన దాదాపు అనవసరం. ఏ దారిన వచ్చినా సరే, మెట్రో రాత్రి ఒంటిగంట ప్రయాణికుడికి అక్కరకు రాదు.

ఎందుకంటే మెట్రో రాత్రిపూట నిద్రపోయే వ్యవస్థ. పట్టాలు, కరెంటు తీగలు, సిగ్నళ్లు పరీక్షించుకోవడానికి దానికి రాత్రి నాలుగైదు గంటలు ఖాళీ కావాలి. ఢిల్లీలో 2011 నుంచి విమానాశ్రయానికి ప్రత్యేకంగా ఎక్స్‌ప్రెస్ లైను ఉంది. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో ఆగిపోతుంది. చెన్నైలో మెట్రో ఏకంగా విమానాశ్రయం ఆవరణలోకే వచ్చింది, రోడ్డు దాటితే తిరుసూలం లోకల్ రైల్వే స్టేషను. అక్కడా అర్ధరాత్రి దిగినవాడికి ట్యాక్సీయే దిక్కు. లండన్ హీత్రూ నుంచి ట్యూబు రైలు రాత్రంతా నడిచేది శుక్ర, శని రాత్రుల్లోనే. మిగతా రాత్రులు ఊళ్లోకి తీసుకెళ్లేది ఎన్9 అనే బస్సు. న్యూయార్క్‌లో రైళ్లు రాత్రంతా తిరుగుతాయి. జేఎఫ్‌కేలో దిగిన మన పిల్లలు ఎయిర్‌ట్రైన్ ఎక్కి సబ్‌వే మారి ఏ వేళకైనా ఇల్లు చేరతారు. అయితే చాలాచోట్ల రెండేసి జతల పట్టాలు వేసుకున్న ఊరది. ఒక జత మీద మరమ్మతు చేస్తూ మరో జత మీద రైలు నడపగలరు. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు, ఇక ముందు కట్టేవాటిలోనూ ఉండబోదు.

రాత్రిపూట రైలు లేనిచోట ఇక మిగిలే ప్రజా రవాణా బస్సు. మన ఆర్టీసీకి అది ఇప్పటికే ఉంది: పుష్పక్.

పుష్పక్ గురించి మనవాళ్లు మాట్లాడుకోవాల్సినంత మాట్లాడుకోలేదు. 2019 నుంచి ఇందులో ఎలక్ట్రిక్ ఏసీ బస్సులు తిరుగుతున్నాయి. సూట్‌కేసులకు చోటుంటుంది, శబ్దం ఉండదు. గచ్చిబౌలి మీదుగా జేఎన్‌టీయూ, మియాపూర్ వైపు ఒక దారి. మెహదీపట్నం, లక్డీకాపూల్ మీదుగా సికింద్రాబాద్ వైపు ఇంకో దారి. ఎల్బీనగర్, ఉప్పల్ మీదుగా మరో దారి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఇవి రాత్రి కూడా నడుస్తాయి. ఒంటరిగా వచ్చిన మనిషికి ఛార్జీ క్యాబులో మూడో వంతు లోపే. నలుగురు కుటుంబమైతే లెక్క తిరగబడుతుంది. నాలుగు టికెట్లు కలిపితే క్యాబు ఖర్చు దరిదాపుల్లోకి వచ్చేస్తుంది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సులకే గానీ పుష్పక్‌కు వర్తించదు. ఆ సంగతి తెలియక కండక్టరుతో వాదనకు దిగేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొదటిది, అర్ధరాత్రి దాటాక బస్సుకూ బస్సుకూ మధ్య వ్యవధి పెరుగుతుంది. ఇప్పుడే ఒకటి వెళ్లిపోయిందంటే తరువాతిది ఎప్పుడో అక్కడ నిలబడ్డవాడికి చెప్పే నాథుడుండడు. రెండోది ఇంకా పెద్దది. బస్సు మనల్ని హోటల్ దగ్గర దింపదు, స్టాపులో దింపుతుంది. లక్డీకాపూల్ స్టాపు నుంచి రోడ్డు అవతలి హోటల్‌కు రెండు నిమిషాలు. కానీ మాదాపూర్ లోపలి సందుల్లోని సర్వీసు అపార్ట్‌మెంట్‌కో, కొండాపూర్‌లోని గదికో పోవాలంటే గచ్చిబౌలిలో దిగి రెండు గంటల వేళ మళ్లీ ఆటో వెతుక్కోవాలి. ముప్ఫై కిలోమీటర్లు హాయిగా వచ్చి, చివరి మూడు కిలోమీటర్ల దగ్గర భయపడటం పుష్పక్ ప్రయాణికుల అనుభవం. ఆ స్టాపుల్లో చాలావాటికి సరైన వెలుతురు లేదు, కూర్చునే చోటు లేదు, రాత్రి ఎవరూ కాపలా ఉండరు. పగటి ప్రయాణికుడికి ఇవి చిన్న విషయాలు. రాత్రి ప్రయాణికుడు బస్సు ఎక్కాలా వద్దా అని తేల్చుకునేది మాత్రం వీటిని బట్టే.

అందుకే జనం క్యాబు వైపు పోతారు. క్యాబుల్లోనూ మూడు నాలుగు రకాలు. లోపలే కౌంటరు దగ్గర డబ్బు కట్టి చీటీ తీసుకునే ప్రీపెయిడ్ ట్యాక్సీ ఒకటి. ఫోనులో పిలిచే ఓలా, ఊబర్ వంటివి రెండోది. హోటలే పంపే కారు మూడోది. ఇక నాలుగోది, "సార్, క్యాబ్ కావాలా? గచ్చిబౌలి? సికింద్రాబాద్?" అని పక్కకు వచ్చి గొంతు తగ్గించి అడిగే మనిషి. ఈ నాలుగోవాడితో బేరం కుదిరినట్టే ఉంటుంది, పార్కింగు దాకా నడిచాక బండి తెల్ల నంబరు ప్లేటుతో కనిపిస్తుంది. సొంత వాడకానికి రిజిస్టరైన బండి అది. దాంట్లో ఎక్కితే ఎవరి లెక్కలోనూ మనం ఉండం. ట్యాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటాయి. ఎలక్ట్రిక్ ట్యాక్సీ అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలుంటే అది సొంత ఎలక్ట్రిక్ కారు. రాత్రిపూట నిద్రమత్తులో ఉన్నా ఈ ఒక్కటి చూసుకుంటే చాలా తలనొప్పులు తప్పుతాయి.

యాప్ క్యాబు మీద ఫిర్యాదులు అందరికీ తెలిసినవే. బుక్ చేయగానే ఫోను వస్తుంది: "ఎక్కడికి భయ్యా? క్యాషా, ఆన్‌లైనా?" ఊరు చెప్పగానే నిశ్శబ్దం, ఆ తరవాత క్యాన్సిల్. విమానాశ్రయం దగ్గర్లోని హోటల్‌కైతే ఒకరి తరవాత ఒకరు క్యాన్సిల్ చేస్తారు. అర్ధరాత్రి ఛార్జీ పగటికన్నా బాగా ఎక్కువ చూపిస్తుంది. వీటిని డ్రైవరు మోసంగా కొట్టిపారేయడం సులువు. డ్రైవరు వైపు నుంచి చూస్తే లెక్క ఇలా ఉంటుంది: విమానాశ్రయం బయట క్యాబుల నిలుపుదల స్థలంలో వరుసలో గంటల తరబడి ఉంటాడు. వంతు వచ్చేసరికి శంషాబాద్ ఊళ్లోకే ట్రిప్పు పడితే ఆ నిరీక్షణంతా వృథా. దూరం ట్రిప్పు పడితే డబ్బు బాగుంటుంది గానీ, దింపాక మూడు గంటల వేళ ఊళ్లో మరో బేరం దొరకదు. ఖాళీ బండితో వెనక్కి రావాలి. ఆ ఖాళీ కిలోమీటర్ల డీజిల్ ఎవరూ ఇవ్వరు. కంపెనీ కమీషను సంగతి సరేసరి.

ఈ అసంతృప్తి బయటికీ వచ్చింది. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ 2024 వేసవిలో ఏసీ వేయబోమని ప్రచారం నడిపింది. 2025 మార్చిలో ఏకంగా విమానాశ్రయం ట్రిప్పులనే బహిష్కరించాలని పిలుపునిచ్చింది. వాళ్లు అడిగింది ఒకటే: ప్రీపెయిడ్ ట్యాక్సీకి ప్రభుత్వం ఒప్పుకున్న రేటు యాప్ క్యాబుకూ ఇవ్వండి. న్యాయమైన కోరికే అనిపిస్తుంది. ఒకే విమానాశ్రయం, ఒకే దూరం, ఒకే రకం కారు; కౌంటరులో ఒక ధర, ఫోనులో నిమిషానికో ధర ఎందుకుండాలి?

నిబంధనలు లేకపోలేదు. కేంద్రం 2020 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో రద్దీ వేళ ఛార్జీ మూల ధరకు ఒకటిన్నర రెట్లు మించకూడదన్నారు. 2025 జూలైలో వాటిని మార్చి రెండు రెట్ల దాకా పెంచుకోవచ్చన్నారు. సరైన కారణం లేకుండా ట్రిప్పు రద్దు చేస్తే ఛార్జీలో పదోవంతు, 100 రూపాయలకు మించకుండా జరిమానా. అది డ్రైవరుకూ వర్తిస్తుంది, ప్రయాణికుడికీ వర్తిస్తుంది. సొంత కారు నడిపే డ్రైవరుకు ఛార్జీలో 80 శాతం తగ్గకుండా అందాలి. కాగితం మీద ఇది బాగానే ఉంది. అయితే రాష్ట్రాలు తమ నిబంధనల్లోకి తెచ్చుకుని అమలు చేస్తేనే దానికి ప్రాణం. రాత్రి ఒంటిగంటకు మూడో క్యాన్సిల్ పడ్డ మనిషి వంద రూపాయల జరిమానా కోసం ఫిర్యాదు రాసుకుంటూ కూర్చోడు. వచ్చిన నాలుగో బండి ఎక్కేస్తాడు. కంపెనీల ధీమా కూడా అదే.

అలసట గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. డ్రైవరు రోజుకు 12 గంటలకు మించి లాగిన్‌లో ఉండకూడదని 2020 మార్గదర్శకాల్లోనే రాశారు. ఒక యాప్‌లో ఆ గంటలు అయిపోతే రెండో యాప్ తెరిచి నడిపేవాళ్లు ఎందరో. ఔటర్ మీద 2023 నుంచి వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. ఖాళీ రోడ్డు, ఒకే తీరు వెలుగు, మూడు గంటల వేళ, నిద్ర చాలని మనిషి. ఛార్జీ ఎంతన్నది చూసుకున్నంత శ్రద్ధగా డ్రైవరు కళ్లు కూడా ఒకసారి చూడాలి. అనుమానంగా ఉంటే వెనక సీట్లో మనం కునుకు తీయకుండా నాలుగు మాటలు కలిపితే అతనికీ మేలు, మనకూ మేలు. దారిలో టీ తాగుదామంటే కాదనే డ్రైవరు హైదరాబాద్‌లో ఉండడు.

ఒంటరిగా వచ్చే ఆడవాళ్లకు ఈ ప్రయాణం మీద భయం ఊరికే లేదు. 2019 నవంబరులో ఇదే శంషాబాద్ దగ్గర, ఔటర్ టోల్ ప్లాజా పక్కన ఒక యువ వైద్యురాలి మీద జరిగిన ఘోరం దేశాన్ని కదిలించింది. ఆమె విమాన ప్రయాణికురాలు కాదు. అయినా ఈ దారి పేరు చెప్పగానే ఇళ్లల్లో తల్లిదండ్రులకు గుర్తొచ్చేది అదే. పోలీసుల వైపు నుంచి పనికొచ్చే ఏర్పాటు ఒకటుంది. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం 2024 మార్చిలో టీ-సేఫ్ అనే ప్రయాణ పర్యవేక్షణ సేవ మొదలుపెట్టింది. స్మార్ట్‌ఫోను లేకపోయినా 100కు ఫోను చేసి 8 నొక్కితే ప్రయాణం వాళ్ల కంట్లో ఉంటుంది. దారి తప్పినా, బండి చాలాసేపు ఆగినా ఆరా తీస్తారు. ఇంత మంచి ఏర్పాటు గురించి అరైవల్స్ హాలులో పెద్ద అక్షరాలతో బోర్డు ఉండాలి. ప్రకటనల బోర్డులకు అక్కడ కొదవ లేదు కదా.

కొన్ని రాత్రుల సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. డిసెంబరు 31న, షబ్ బరాత్ వంటి జాగరణ రాత్రుల్లో పోలీసులు ఊళ్లో ఫ్లైఓవర్లు మూసేస్తారు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద విమానం టికెట్టు చూపిన వాళ్లనే పంపుతుంటారు. ఆ రాత్రి దిగేవాళ్లు బోర్డింగు పాసు పారేయకుండా చేతిలో ఉంచుకుంటే నయం.

ఇక హోటల్. ఈ ప్రయాణంలో సగం తిప్పలు రోడ్డు మీద కాదు, రిసెప్షన్ బల్ల ముందు ఎదురవుతాయి. వాటిలో మొదటిది తేదీ. పదో తేదీ రాత్రి ఒంటిగంటకు దిగే మనిషి పదో తేదీకి గది బుక్ చేసుకుంటాడు. హోటల్ లెక్కలో పదో తేదీ గది ఆ మధ్యాహ్నం పన్నెండుకో రెండుకో మొదలవుతుంది. అర్ధరాత్రి వెళ్తే, "సార్, మీ బుకింగ్ ఇవాళ మధ్యాహ్నం నుంచి" అంటాడు కౌంటరులో కుర్రాడు. అతని తప్పు లేదు. కావలసింది తొమ్మిదో తేదీ గది. దీనికి తిరకాసు కూడా ఉంది. తొమ్మిదికి బుక్ చేసి రాత్రి పన్నెండైనా చేరకపోతే, రానివాళ్ల కింద రాసేసి ఆ గది ఇంకొకరికి ఇచ్చే హోటళ్లున్నాయి, ముఖ్యంగా డబ్బు ముందు కట్టకపోతే. కాబట్టి సాయంత్రమే ఒకసారి ఫోను చేసి, ఆలస్యంగా వస్తామని, విమానం ఏదో చెప్పి, అవతలివాళ్ల పేరు అడిగి పెట్టుకోవాలి. బుకింగు యాప్‌లో "లేట్ చెకిన్" అని ఒక గడి నింపితే సరిపోతుందనుకోవద్దు. రాత్రి షిఫ్టు కుర్రాడు ఆ గడి చూడడు.

రెండోది, గది ఎక్కడ తీసుకోవాలన్నది. ఊళ్లో మర్నాటి పని ఎక్కడో అక్కడే తీసుకోవడం మామూలు పద్ధతి. రాత్రి దిగేవాళ్లకు అది అన్నిసార్లూ కలిసిరాదు. ఒంటిగంటకు దిగి, తొమ్మిదికి హైటెక్ సిటీలో మీటింగు ఉన్నవాడు రెండున్నరకు మాదాపూర్ చేరి పడుకుంటే నిద్రా దొరకదు, గది డబ్బూ పోతుంది. అలాంటివాళ్లు విమానాశ్రయం ఆవరణలోనో శంషాబాద్‌లోనో గంటల లెక్కన దొరికే గది తీసుకుని, పొద్దున్నే ఊళ్లోకి వెళ్లడం మేలు. నాలుగింటికి దిగేవాళ్లకైతే ఇంకా చవకైన ఉపాయం ఉంది: లోపలే కాఫీ తాగుతూ ఐదున్నర దాకా కూర్చోవడం. తెల్లవారాక పుష్పక్‌లూ జోరందుకుంటాయి, స్టాపులో దిగినచోట ఆటోలూ దొరుకుతాయి, భయమూ పోతుంది. మనవాళ్లకు ఎందుకో విమానాశ్రయంలో కూర్చోవడం పరువు తక్కువ అనిపిస్తుంది. అదే రైలు ప్లాట్‌ఫాం మీద తెల్లవారేదాకా కూర్చోమంటే ఏ బాధా ఉండదు.

మూడోది గుర్తింపు పత్రాలు. ఆధార్ ఫోనులో ఉందంటే కొన్నిచోట్ల ఒప్పుకోరు. ఒక కాగితం ప్రతి సంచిలో ఉండాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ల వివరాలను హోటల్ వాళ్లు 24 గంటల్లో ప్రభుత్వానికి పంపాలి. ఆ తతంగం తెలియని చిన్న లాడ్జీలు గది లేదని తప్పించుకుంటాయి. అమెరికా పాస్‌పోర్టుతో వచ్చి నాంపల్లి వైపు చిన్న లాడ్జిలో దిగాలనుకునే మన ఎన్నారై ముందుగానే ఫోను చేసి కనుక్కోవడం మంచిది. ఇక తిండి. చాలా హోటళ్లలో వంటగది పదకొండుకే మూస్తారు. విమానంలో తినకపోతే శంషాబాద్‌లోనే తినేసి బయలుదేరడం తెలివైన పని.

ఇదంతా ఒక్క హైదరాబాద్ గొడవేనా అంటే ఇప్పటికి చాలావరకు అంతే. గన్నవరంలో దిగితే జాతీయ రహదారి మీద ఇరవై కిలోమీటర్లలో బెజవాడ బస్టాండు. రేణిగుంటలో దిగితే తిరుపతి దగ్గరే, పైగా ఆ ఊరు రాత్రి నిద్రపోదు. కొండకు వెళ్లేవాళ్లు ఏ వేళనైనా రోడ్డు మీదే ఉంటారు. అసలు ఆలోచించాల్సింది విశాఖ. నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగాతో రన్‌వే పంచుకునే పాత విమానాశ్రయం ఊళ్లోనే ఉంది. ఎన్‌ఏడీ కూడలి పక్కనే, ఆటో ఎక్కితే చాలు. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. అది విశాఖకు 45 కిలోమీటర్ల దూరం, అంటే శంషాబాద్ నుంచి సికింద్రాబాద్‌కన్నా ఎక్కువ. బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పుడు హైదరాబాద్ పడ్డ ఇబ్బంది విశాఖకు ఇంకా పెద్దగా ఎదురవుతుంది. అక్కడ కూడా రోడ్డు వెడల్పు గురించీ మెట్రో గురించీ మాటలు వినిపిస్తున్నాయి. అర్ధరాత్రి భోగాపురంలో దిగినవాడిని ఆర్టీసీ కాంప్లెక్సు దాకా, ఆ పైన బీచ్ రోడ్డు హోటల్ దాకా ఎవరు తెస్తారన్న మాట మాత్రం వినపడదు.

మెట్రో కావాలి, వద్దనడం లేదు. పగటి రద్దీకి అది తప్పదు. రాత్రికి కావలసినవి చిన్న పనులు. రాత్రి పన్నెండు నుంచి ఐదు దాకా మూడు దారుల్లోనూ అరగంటకో పుష్పక్. తరువాతి బస్సు ఎప్పుడో లగేజీ బెల్టుల దగ్గరే కనిపించే బోర్డు. మెహదీపట్నం, లక్డీకాపూల్, గచ్చిబౌలి, జేఎన్‌టీయూ, ఉప్పల్ స్టాపుల్లో దీపం, బెంచీ, ఒక హోంగార్డు, నమోదు చేసుకున్న నాలుగు ఆటోలు. ప్రీపెయిడ్ కౌంటరుకూ యాప్‌కూ ఒకే రాత్రి రేటు. బస్సులు ఉన్నాయి, రోడ్డు ఉంది, పోలీసు స్టేషన్లు ఉన్నాయి. ఆర్టీసీ, రవాణా శాఖ, విమానాశ్రయం యాజమాన్యం ఒక్కసారి కలిసి కూర్చుంటే నెలలో అయ్యే పని ఇది. దీనికి ఏ ముఖ్యమంత్రీ శంకుస్థాపన చేయనక్కర్లేదు.